గాజు, తుప్పు, ఆల్చిప్పలు: బాధను ఒంటి మీదికి తెచ్చిన డిజైనర్లు

2000 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన ఒక ఫ్యాషన్ షోకి వచ్చినవాళ్లు చాలాసేపు తమ ముఖాలనే చూసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. హాలు మధ్యలో పెద్ద గాజు గది ఉంది. లోపల లైట్లు వెలగనంతసేపూ దాని గోడలు అద్దాల్లా పనిచేశాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫ్యాషన్ పత్రికల ఎడిటర్లు, బట్టలు కొనే వ్యాపారులు. ఎదుటివాళ్ల రూపానికి మార్కులు వేయడమే వాళ్ల పని. ఆ వేళ తమ రూపం నుంచి తప్పించుకునే దారి వాళ్లకు లేకపోయింది. అద్దం వైపు చూడకుండా ఉండటానికి వాళ్లు పడుతున్న అవస్థను డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ తెర వెనక మానిటర్‌లో గమనిస్తూ ఉన్నాడు.

లైట్లు వెలిగాక అద్దం కాస్తా కిటికీ అయింది. లోపల పాతకాలపు మానసిక చికిత్సాలయంలాంటి గది, మెత్తలు అతికించిన గోడలు. తలకు కట్లు కట్టుకున్న మోడల్స్ ఆ గదిలో తిరుగుతున్నారు. బయటివాళ్లకు వాళ్లు కనిపిస్తున్నారు గానీ వాళ్లకు బయట ఏమీ కనిపించదు. ఒక షో కోసం కలిపి చేసిన బట్టల వరసను కలెక్షన్ అంటారు. మెక్వీన్ ఈ కలెక్షన్‌కి 'వాస్' అని పేరు పెట్టాడు. బాధ గురించి ఫ్యాషన్ ఏం మాట్లాడగలదు, ఎలా మాట్లాడగలదు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి ఉదాహరణల్లో ఇది ఒకటి. అందుకే ముందు దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఆ షోలో రెండు డ్రెస్సుల్ని దగ్గరగా చూడాలి.

మొదటిది ఆల్చిప్పలతో చేసింది. రేజర్ క్లామ్ అనే సముద్రజీవి చిప్ప సన్నగా, పొడుగ్గా, పాతకాలపు మంగలి కత్తి పిడిలా ఉంటుంది. ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్ తీరంలో కొట్టుకొచ్చి పడున్న ఆ చిప్పల్ని మెక్వీన్ ఏరించాడు. శుభ్రం చేయించి, వార్నిష్ పూయించి, వరసలు వరసలుగా కుట్టించి డ్రెస్ చేయించాడు. దాన్ని వేసుకుని వచ్చిన మోడల్ ఎరిన్ ఓ'కానర్ అందరూ చూస్తుండగానే రెండు చేతులతో ఆ చిప్పల్ని పీకడం మొదలుపెట్టింది. అవి విరిగి, పగిలి, నేల మీద పడ్డాయి. ఎంతో ఓపికగా చేసిన పని నిమిషాల్లో నాశనమైంది. తీరంలో ఆ చిప్పల పని ఎప్పుడో అయిపోయింది, మేము వాటికి ఇంకో పని ఇచ్చాం, ఆమె చేతుల్లో అదీ అయిపోయింది అని మెక్వీన్ తర్వాత వివరించాడు. ఫ్యాషన్ కూడా ఇంతేనన్నాడు.

రెండోది ఎర్ర డ్రెస్. కింది భాగమంతా ఎరుపు, నలుపు రంగులు వేసిన ఆస్ట్రిచ్ ఈకలు. పై భాగం గాజు. మామూలు గాజు కాదు. ల్యాబ్‌లో రక్తపు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడతారే, ఆ స్లైడ్లు. దాదాపు 2,000 స్లైడ్లకు ఎర్ర రంగు పూసి, రంధ్రాలు చేసి, ఒక్కొక్కటీ చేత్తో కుట్టారు. అది వేసుకుని ఎవరైనా నడిస్తే గాజు గాజుకు తగిలి గలగలమంటుంది. తర్వాతి రోజుల్లో గాయని బ్యోర్క్ ఆ డ్రెస్ వేసుకుని వేదిక ఎక్కినప్పుడు ఆ చప్పుడు కూడా ఆమె ప్రదర్శనలో కలిసిపోయింది. ప్రతి చర్మం పొర కిందా రక్తం ఉంటుందన్నది మెక్వీన్ ఆలోచన. దాన్ని చెప్పడానికి ఎర్ర పట్టు గుడ్డ చాలదా అంటే, చాలదు. స్లైడ్ అంటేనే పరీక్ష. ఒంట్లో ఏముందో వేరేవాళ్లు తేల్చి చెప్పడానికి తీసే ముక్క అది. రోగం, రిపోర్టు కోసం ఎదురుచూసే టెన్షన్, తన శరీరం మీద తనకే మాట చెల్లని స్థితి, ఇవన్నీ ఆ చిన్న గాజు పలకలో ముందే ఉన్నాయి. డిజైనర్ కొత్తగా కలపాల్సింది ఏమీ లేదు.

ఈ రెండు డ్రెస్సుల్నీ పక్కపక్కన పెడితే అసలు విషయం తెలుస్తుంది. ఇక్కడ వస్తువు బాధకు గుర్తుగా నిలబడి ఊరుకోవడం లేదు. అది ఒక పని చేస్తోంది. చిప్ప విరుగుతుంది. గాజు మోగుతుంది, బరువు వేస్తుంది, పగులుతుందేమోనన్న భయం పెడుతుంది. మామూలు గుడ్డ ఒంటికి లొంగుతుంది, నలుగుతుంది, ఉతికితే మళ్లీ మొదటికొస్తుంది. బాధకు ఆ గుణం లేదు. బాధలో ఉన్న మనిషి జాగ్రత్తగా కూర్చుంటాడు, ఆచితూచి కదులుతాడు, ఎవరైనా తాకబోతే వెనక్కి తగ్గుతాడు. గాజు డ్రెస్ వేసుకున్న మనిషి కూడా అచ్చం అలాగే కదలాలి. ప్రేక్షకుడికి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. చూస్తున్నవాడి ఒళ్లే ముందు బిగుసుకుంటుంది.

కాబట్టి ఇలాంటి బట్టల ఫొటోలు చూసినప్పుడు చాలామంది అడిగే 'దీని అర్థం ఏమిటి' అన్న ప్రశ్న కంటే 'ఇది ఏం చేస్తోంది' అన్న ప్రశ్న ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. ఈ వ్యాసం మొత్తానికీ నేను వాడుతున్న కొలత ఇదే.

దుఃఖానికి ప్రత్యేకమైన బట్ట ఉండాలన్నది ఈ డిజైనర్లు కనిపెట్టిన సంగతి కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఇది పెద్ద వ్యవస్థ, పెద్ద వ్యాపారం కూడా. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తను చనిపోయేదాకా నల్లబట్టలు వదల్లేదు. మధ్యతరగతి ఆమెను అనుసరించింది. భర్త పోయిన స్త్రీ ఏ నెలలో ఏ గుడ్డ కట్టాలో, ఎప్పుడు నలుపు కొంచెం తగ్గించొచ్చో నియమాలుండేవి. అందులో ముఖ్యమైనది క్రేప్. పట్టులోని మెరుపును చంపేసి, గరుకుగా, ముడతలుగా చేసిన గుడ్డ అది. వానలో తడిస్తే మచ్చలు పడేది, రంగు ఒంటికి అంటేది. అంటే దుఃఖంలో ఉన్న మనిషి సుఖంగా ఉండకూడదని బట్టే శాసించేది. కోర్టాల్డ్స్ అనే కంపెనీ ఈ ఒక్క గుడ్డ మీద సంపన్నమైంది. నగలు కూడా మెరవకూడదు కాబట్టి విట్బీ ఊరి దగ్గర దొరికే జెట్‌తో చేయించుకునేవాళ్లు. కోట్ల ఏళ్లు భూమిలో ఉండి గట్టిపడి నల్లబడ్డ కర్ర అది. ఇంకా దగ్గరివాళ్లయితే పోయినవాళ్ల వెంట్రుకల్ని అల్లి, లాకెట్లలో, ఉంగరాల్లో పెట్టుకునేవాళ్లు.

వెంట్రుకల నగ మనకు వింతగా తోచవచ్చు. కానీ పోయిన అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంతను ఎంత చిరిగినా పారేయలేని ఇళ్లు మనకు తెలుసు. అది కూడా ఇదే కోవలోది. మనిషి ఒంటిని తాకిన వస్తువు మనిషి పోయాక మామూలు వస్తువుగా మిగలదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో చావులు లెక్కకు మించిపోయాక ఆ నియమాలు సడలిపోయాయి. ఊరంతా నల్లబట్టల్లో ఉంటే ఫ్యాక్టరీలు ఎవరు నడపాలి? దుఃఖం ఇంటి విషయమైంది, తర్వాత మనసు విషయమైంది. ఇరవయ్యో శతాబ్దం చివరికి పశ్చిమ దేశాల్లో బాధలో ఉన్న మనిషిని బట్టలు చూసి గుర్తుపట్టే వీలు దాదాపు పోయింది. మెక్వీన్ తరం ఆ ఖాళీలోకి వచ్చిందని నా అభిప్రాయం. అందరికీ తెలిసిన భాష పోయింది కాబట్టి ఒక్కో డిజైనర్ తన సొంత పదాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

మెక్వీన్ మొదటి అడుగు నేరుగా ఆ పాత వెంట్రుకల దగ్గరికే పడింది. టాక్సీ డ్రైవర్ కొడుకు, తూర్పు లండన్‌లో పెరిగాడు, పదహారేళ్లకే బడి మానేసి, లండన్‌లో సూట్ల కుట్టుకి పేరుపడ్డ సావిల్ రో వీధి దర్జీల దగ్గర పనిలో చేరాడు. 1992లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కాలేజీలో చివరి ఏడాది కలెక్షన్‌గా జాక్ ది రిప్పర్ హత్యల్ని, అంటే విక్టోరియన్ లండన్‌లో ఆడవాళ్లను వరసగా చంపి ఎప్పటికీ దొరకని హంతకుడి కథను తీసుకున్నాడు. ఆ కోట్ల లైనింగుల్లో మనిషి వెంట్రుకలున్నాయి. తొలినాళ్లలో బట్టల లేబుల్స్‌లో తన సొంత జుట్టు పాయల్ని ప్లాస్టిక్ పలకలో బంధించి పెట్టేవాడు. విక్టోరియన్ కాలంలో వేశ్యలు అమ్ముకున్న జుట్టును జనం కొని ప్రియులకు కానుకగా ఇచ్చేవాళ్లన్నది అతని మనసులో ఉన్న సంగతి. స్టైలిస్ట్ ఇసబెల్లా బ్లో ఆ కలెక్షన్ మొత్తాన్నీ 5,000 పౌండ్లకు, వాయిదాల్లో కొనుక్కుంది.

ఒక సంగతి మరవకూడదు. సావిల్ రో కోటు కుట్టు అంటే ప్రపంచంలోనే కఠినమైన చేతిపనుల్లో ఒకటి. మెక్వీన్‌కి కత్తెర మీద అంత పట్టు ఉంది కాబట్టే చిప్పలు, గాజు అతని చేతిలో డ్రెస్సులయ్యాయి. పట్టు లేనివాడి చేతిలో అవి స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా తేలిపోయేవి. బాధ ఎంత నిజమైనదైనా చేతికి పని రాకపోతే ఎదుటివాడికి చేరదు.

అయితే మెక్వీన్ కూడా ప్రతిసారీ గెలవలేదు. 1995 మార్చిలో 'హైలాండ్ రేప్' అనే కలెక్షన్ చూపించాడు. చిరిగిన లేసు, చీలిన గౌన్లు, తూలుతూ నడిచే మోడల్స్. ఆడవాళ్లపై హింసను అందంగా చూపిస్తున్నాడని పత్రికలు విరుచుకుపడ్డాయి. అతని జవాబు వేరు. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో స్కాట్లండ్ కొండప్రాంతాల రైతుల్ని వెళ్లగొట్టి భూముల్ని గొర్రెల మేతకు మార్చిన చరిత్ర ఉంది. అత్యాచారం ఇంగ్లండ్ స్కాట్లండ్ మీద చేసింది, నేను చూపించింది అదేనన్నాడు. అతని కుటుంబ మూలాలు స్కాట్లండ్‌వి. చిన్నప్పుడు అక్కను ఆమె భర్త కొట్టడం కళ్లారా చూశానని, అందుకే తను కుట్టిన బట్టల్లో ఆడది భయం పుట్టించేలా కనిపించాలని కోరుకున్నానని కూడా చెప్పేవాడు.

ఆ మాటల్ని నేను నమ్ముతాను. అయినా ఆ విమర్శలో బలముందనే అనుకుంటాను. అక్కడ చిరుగులన్నీ ముందే చింపినవి. జరిగిపోయిన హింస ఫొటోలాగా అవి నిలబడ్డాయి, చూసేవాడిని కేవలం చూసేవాడిగా వదిలేశాయి. ఐదేళ్ల తర్వాత వాస్‌లో చిప్పలు మన కళ్లముందు విరిగాయి, విరిచింది వేసుకున్న మనిషే. అంతకుముందే అద్దం మనల్ని మనకు చూపించింది. ఈ తేడా చిన్నది కాదు.

వాస్ ముగింపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాజు గది మధ్యలో ఇంకో మూసిన పెట్టె ఉంది. చివర్లో దాని గోడలు కూలి, గాజు భళ్లున పగిలింది. లోపల నగ్నంగా, భారీకాయంతో, ముఖానికి శ్వాస గొట్టంతో రచయిత్రి మిషెల్ ఓలీ సోఫా మీద వాలి ఉంది. చుట్టూ దీపాల దగ్గర తిరిగే రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. ఫొటోగ్రాఫర్ జోయెల్ పీటర్ విట్కిన్ 1983లో తీసిన ఒక చిత్రం ఆధారంగా దాన్ని కూర్చారు. సన్నని మోడల్స్‌ని చూసి చూసి అలవాటైన కళ్లకు అది పెద్ద దెబ్బ. ఇంతసేపూ మీరు అందం అనుకున్నది ఏమిటి, ఎవరిని లోపల పెట్టి తాళం వేశారు అని అడిగినట్టుంది.

ఇంకో డిజైనర్ హుస్సేన్ చాలయాన్ దారి పూర్తిగా వేరు. అతని బట్టల్లో రక్తం లేదు, అరుపు లేదు. 1970లో సైప్రస్ రాజధాని నికోసియాలో టర్కిష్ సైప్రియట్ కుటుంబంలో పుట్టాడు. 1974లో ఆ దీవి రెండు ముక్కలైంది. అంతకుముందు అరవయ్యో దశకంలోనే జాతి ఘర్షణల్లో ఊళ్లు ఖాళీ అయ్యాయి. కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్లడమన్నది అతని ఇంటి కథల్లో భాగం.

1993లో కాలేజీ కలెక్షన్ కోసం అతను పట్టు బట్టల్ని ఇనుప రజనుతో కలిపి స్నేహితుడి పెరట్లో పాతిపెట్టాడు. వారాల తర్వాత తవ్వి తీసేసరికి మట్టి, తేమ, తుప్పు కలిసి గుడ్డ మీద తమ పని చేసేశాయి. ఇనుము తడికి తుప్పు పడుతుంది, తుప్పు పట్టు దారాన్ని పట్టుకుంటుంది, రంగు వదలదు, దారం బలహీనపడుతుంది. ఏ మచ్చ ఎక్కడ పడాలో డిజైనర్ చేతిలో లేదు. చావు గురించి బట్ట కుట్టడం కాదది. బట్టనే మట్టిలోకి పంపి వెనక్కి తెచ్చుకోవడం. లండన్‌లోని బ్రౌన్స్ షాపు ఆ బట్టల్ని కిటికీలో ప్రదర్శించింది. నాలుగేళ్ల తర్వాత బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జెలా రాటర్‌డామ్ మ్యూజియంలో తన పాత డిజైన్ల మీద బూజు, ఈస్ట్, బ్యాక్టీరియా పెంచి చూపించాడు. అదీ గొప్ప పనే గానీ అందులో కాలం గురించిన ఆలోచన ఎక్కువ, గుండెకోత తక్కువ.

చాలయాన్ అసలు కోతను 2000 ఫిబ్రవరిలో, లండన్ సాడ్లర్స్ వెల్స్ థియేటర్‌లో 'ఆఫ్టర్‌వర్డ్స్' పేరుతో చూపించాడు. వేదిక మీద తెల్లటి గది, నాలుగు కుర్చీలు, మధ్యలో గుండ్రటి చెక్క బల్ల. షో చివర్లో నలుగురు మోడల్స్ వచ్చి కుర్చీలకున్న బూడిదరంగు తొడుగుల్ని తీసి ఒంటికి వేసుకున్నారు. అవి గౌన్లు. తొడుగు తీసిన కుర్చీల్ని మడిచారు. అవి సూట్‌కేసులు. ఇంకో అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, మధ్యలోని మూత తీసి, ఆ రంధ్రంలో కాళ్లు పెట్టి నిలబడి, బల్లను నడుము దాకా పైకి లాగింది. చెక్క వలయాలు ఒకదాని కింద ఒకటి జారి లంగా అయ్యాయి. ఆమె నడిచి వెళ్లిపోయింది. గది ఖాళీ.

యుద్ధం ఇంటి గుమ్మం దాకా వచ్చినప్పుడు ఏది తీసుకెళ్లాలి, ఏది దాచాలి, ఏది వదిలేయాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆ షో అల్లుకుంది. ఇక్కడ కూడా కొలత అదే. చెక్క లంగా కాందిశీకుల కష్టాన్ని బొమ్మగా గీయడం లేదు. ఇల్లంతా ఒంటి మీద మోసుకుపోవాల్సి వస్తే నడక ఎలా మారుతుందో చేసి చూపిస్తోంది. ఆ అమ్మాయి వేసే ఒక్కో అడుగూ బల్ల అంచుకు లోబడే ఉంటుంది. నా మటుకు నాకు ఈ రంగంలో ఇంతకంటే గొప్ప పని కనిపించలేదు. మెక్వీన్ కంటే కూడా చాలయాన్‌కే ఇక్కడ ఓటేస్తాను. ఏడిపించే ప్రయత్నమే చేయకుండా ఏడిపిస్తాడు కాబట్టి.

అయితే వింత వస్తువు కనిపించిన ప్రతిచోటా బాధను చదవడం కూడా తప్పే. దానికి జపాన్ డిజైనర్ రెయ్ కవాకుబో మంచి సాక్ష్యం. 1982లో ఆమె కామ్ దే గార్సాన్ సంస్థ నుంచి రంధ్రాల నల్ల స్వెటర్లు పారిస్ ర్యాంప్ మీదికి వచ్చాయి. పాశ్చాత్య విలేకరులు కొందరు వాటికి హిరోషిమా పేరు తగిలించారు. జపాన్ మనిషి చిరిగిన నల్లబట్ట కుడితే అది అణుబాంబు గురించే అయ్యుండాలని వాళ్ల లెక్క. ఆమె చేసింది మాత్రం అల్లిక యంత్రం స్క్రూలు అక్కడక్కడా వదులు చేయడం. యంత్రాలు ఏ లోపమూ లేని గుడ్డను మాత్రమే ఇస్తుంటే ఆమెకు అది నచ్చలేదు. వాళ్లు బాధ అని చదివింది ఆమె దృష్టిలో అందం, స్వేచ్ఛ.

1995 జనవరిలో అంతకంటే ఇబ్బందికరమైనది జరిగింది. నాజీలు యూదుల్ని చారల బట్టల్లో బంధించి చంపిన ఆష్విట్జ్ శిబిరం విముక్తికి 50 ఏళ్లు నిండుతున్న రోజుల్లోనే ఆమె మగవాళ్ల కలెక్షన్‌లో చారల పైజమాలు కనిపించాయి. కొందరు మోడల్స్ తలలు గొరిగించుకుని ఉన్నారు. యూదు సంఘాలు తీవ్రంగా నొచ్చుకున్నాయి. నిద్ర గురించి చేసిన బట్టలని, వేరే ఉద్దేశం లేదని సంస్థ చెప్పింది, ఆ బట్టల్ని వెనక్కి తీసుకుంది. ఉద్దేశం లేకపోయినా బట్టకు తన జ్ఞాపకం తనకు ఉంటుంది. చారల గుడ్డ చాలామంది ఒంటి మీద ఏం చూసిందో డిజైనర్‌కి గుర్తు లేకపోవచ్చు గానీ ప్రేక్షకులకు గుర్తుంటుంది. వింత వస్తువులతో పనిచేసేవాళ్లకు ఇది నిత్యం ఉండే ప్రమాదం. వస్తువులోని శక్తిని వాడుకోవాలనుకున్నవాడు దాని చరిత్రను కూడా నెత్తిన పెట్టుకోవాల్సిందే.

ఇరవై ఏళ్ల తర్వాత, 2015 మార్చిలో, కవాకుబో నేరుగా దుఃఖం మీదే కలెక్షన్ చేసింది. పోయినవాళ్లను సాగనంపే తంతులోని అందం పోయేవాళ్లకూ మిగిలినవాళ్లకూ బాధ తగ్గిస్తుందన్నది ఆమె ఇచ్చిన వివరణ. తెలుపు, నలుపు, లేసు, భుజాలకు మించి వెడల్పుగా పెరిగిన ఆకారాలు. ర్యాంప్ ఇరుకు. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు మోడల్స్ ఒకరిని దాటి ఒకరు పోవాలంటే ఆగి, పక్కకు తిరిగి, దారి ఇచ్చుకోవాలి. ఒక క్షణం ముఖాముఖి నిలబడతారు, తర్వాత ఎవరి దారిన వాళ్లు. వీడ్కోలు అనే మాట పలకకుండానే బట్ట వెడల్పు ఆ పని చేసింది.

ఇవన్నీ చూశాక వచ్చే ప్రశ్న, ఇది ఫ్యాషనేనా? ఎవరూ కొనరు, ఎవరూ వేసుకుని బయటికి వెళ్లరు. నిజమే. ఇలాంటి షో పీసులు పేరు తెస్తాయి. డబ్బులు సూట్లు, స్కార్ఫులు, బ్యాగులు, పెర్ఫ్యూముల మీద వస్తాయి. వాస్ జరిగిన కొద్ది నెలలకే గూచీ గ్రూప్ మెక్వీన్ కంపెనీలో 51 శాతం కొనేసింది. బాధ మార్కెట్‌కి అడ్డు కాలేదు, దారి వేసింది. అది నాకు రుచించే సంగతి కాదు. కానీ అతను పోయాక 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఈ బట్టలతో ప్రదర్శన పెడితే 6,60,000 మందికి పైగా వచ్చారు. 2015లో లండన్‌లో అదే ప్రదర్శనకు 4,90,000 మందికి పైగా వచ్చారు. చివరి రోజుల్లో రాత్రంతా తెరిచి ఉంచాల్సి వచ్చింది. వాళ్లలో చాలామంది ఆ కంపెనీ బ్యాగు ఎప్పటికీ కొనలేనివాళ్లే అయ్యుంటారు. గాజు స్లైడ్ల ముందు నిలబడటానికి గంటలకొద్దీ క్యూలో నిలుచున్నారు.

తనకు నిజంగా చావు ఎదురైనప్పుడు మెక్వీన్ ఏ వస్తువు ఎంచుకున్నాడో గమనించాలి. మొదటి కలెక్షన్ కొని అతన్ని నిలబెట్టిన ఇసబెల్లా బ్లో 2007 మేలో ఆత్మహత్య చేసుకుంది. కొన్ని నెలల తర్వాత వచ్చిన కలెక్షన్‌ని టోపీల డిజైనర్ ఫిలిప్ ట్రేసీతో కలిసి ఆమెకు అంకితం చేశాడు. రక్తం లేదు, పిచ్చాసుపత్రి లేదు. రెక్కలు, పక్షులు, రంగులు, తల చుట్టూ గుంపుగా ఎగిరే సీతాకోకచిలుకల టోపీ. హాలంతా ఆమె వాడే ఫ్రాకా సెంటు వాసన. ఆమెను ఎరిగినవాళ్లకు ఆ వాసన చాలు. 2010 ఫిబ్రవరి 2న అతని తల్లి పోయింది. తొమ్మిది రోజులకు, 11న, అతనూ ప్రాణం తీసుకున్నాడు. కళ బాధను నయం చేస్తుందని ఈ జీవితాన్ని చూపించి ఎవరైనా చెబితే నమ్మకండి. అతను పనిని ప్రేమించాడు, ఆ పని గొప్పది, అతనికి అవసరమైన సాయం వేరే ఉంది. ఈ రెండూ కలిపేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

మిగిలిన ప్రశ్న మోడల్స్‌ది. డిజైనర్ బాధను మోసేది వాళ్ల ఒళ్లు. మెక్వీన్ బతికుండగా చూపించిన చివరి పెద్ద షో 2009 అక్టోబరులో పారిస్‌లో జరిగింది. అందులోని ఆర్మడిల్లో బూట్లు దాదాపు అడుగు ఎత్తు ఉన్నాయి. పేరున్న ముగ్గురు మోడల్స్ పడిపోతామన్న భయంతో వాటిని వేసుకుని నడవబోమని ఆ షో నుంచి తప్పుకున్నారు. వాళ్లు చేసింది సరైన పనే. ఎరిన్ ఓ'కానర్ చేతులకు చిప్పల్ని విరిచే అధికారం ఇచ్చారు కాబట్టే ఆ డ్రెస్ మనల్ని కదిలించింది. బల్లను నడుముకు ఎత్తుకున్న అమ్మాయి తన చేతులతో తనే ఎత్తుకుంది. ఆ బూట్లలో కాళ్లు పెట్టాల్సిన అమ్మాయిలకు అలాంటి అవకాశం ఏదీ లేదు, వద్దు అనడం తప్ప.